రాహేలత్త దించమన్న పలక

నిన్న పొద్దుమీకి నాలుగు చినుకులు వడ్డయి. గుట్ట దిక్కు నుంచి గాలి తిరిగి, తడిసిన బూడిద వాసన ఇంట్లకొచ్చింది. ఆర్పిన పొయ్యిల నీళ్లు చల్లితే వచ్చే వాసన గాదది. పొయ్యి వాసనకు ఎవలం భయపడం. గిది పచ్చి చెట్టు, పిట్ట గూడు, పాము పుట్ట అన్నీ కలిసి కాలి, నెలలకొద్దీ ఎండి, మీద నీళ్లు వడ్డంక లేచే వాసన. ముక్కుకు తగలంగనే పొయ్యి మీది కూర దించి వాకిట్ల కూసున్న. ఈ యేడు గూడ గుట్ట కాలింది మరి. కూసున్నకాన్నే రాహేలత్త యాదికొచ్చింది. నాకు సంతకం వరకే వచ్చు, గది గూడ ఆమె నేర్పిందే. నేను నోటితోని చెప్తున్న, రాసేటోళ్లు రాస్తుండ్రు. ఆమెను చూడనోళ్లకు ఆమె ఎసొంటిదో తెల్వాలె.

మాది ఆసిఫాబాద్ నుంచి లోపలికి పోతే గుట్టల నడుమ ఊరు. ఊరి నీళ్లు చూసేటోన్ని మా దిక్కు నీరడి అంటరు. రాహేలత్త పెనిమిటి నీరడి. ఆయన పోయినంక ఆ పని ఆమె చేతికొచ్చింది. ఎవలూ ఇయ్యలే, ఆమెనే పట్టుకున్నది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది, కడమ ఆరు రోజులు మా కుంట కట్ట మీద ఉండేది. ‘దేవుడు నాకు రెండు చెవులిచ్చిండే లచ్చీ. ఒకటి పాస్టరయ్యకు, ఒకటి కుంటకు’ అని నవ్వేది. మాది చాపలు వట్టే ఇల్లు. ఆమె మాకు చుట్టం కాదు, మా మతం కాదు. ఎదురిల్లు, గంతే. అత్తా అని పిలిచిన, అత్తనే అయింది.

నా పెనిమిటి కామెర్లతోని పోయేనాటికి నాకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది ఇంక పాలు తాగుతుండె. కుంటల చాపలు వట్టే వంతు మా ఆయనకు ఉండె. ఆడిదానికి వంతేంది, వల ఇసురుతదా అన్నరు చాపల సంఘపోళ్లు. సంఘం పెద్ద మల్లయ్య మామ, నాకు వరుసకు మామనే, ఆయనే ముందుగాల అన్నడు. రాహేలత్తకు సంఘంల మాట లేదు, అయినా నడిమిట్లకొచ్చి నిలవడ్డది. ‘మొగడు సచ్చిండు మల్లయ్యా, వల సచ్చిందా? దాని చేతులు సూడు, నీ చేతుల కంటె మొద్దుగున్నయి’ అన్నది. అందరు నవ్విండ్రు. నవ్వినంక ఇక కాదనుడు కష్టమైంది. గట్ల నాకు కుంటల వంతొచ్చింది. నా పిల్లలు తిన్న బువ్వ గా మాటతోని వచ్చిందే.

ఆమె నాకు నీళ్లు చూసుడు నేర్పింది. పొద్దుగాల్నే మోకాటి లోతుల నిలవెట్టేది. ‘కదలకు. పిల్లచాపలు కాలు గిచ్చుతున్నయా?’ ‘గిచ్చుతున్నయి అత్తా, సక్కిలిగిలైతుంది.’ ‘ఐతే నీళ్లు మంచిగున్నయి. గిచ్చకుంటె నాకు చెప్పు.’ కట్ట మీద కూసుండి కండ్లు మూసుకునేది. కప్ప, కొంగ రెక్క, ఎండ్రికాయ బొక్కల బుడగ, ఒక్కొక్క సప్పుడు పేరు వెట్టి చెప్పేది. ‘కుంట ఊకె మాట్లాడుతనే ఉంటది. మాటాపిన్నాడు భయపడాలె’ అన్నది ఓసారి. నాకప్పుడు నవ్వొచ్చింది.

ఇంకొకటి నేర్పింది, గదే నేను తప్పిన. గుట్ట మీది నీళ్లు వాగుల దిగుతయి. వాగు నుంచి ఒక చిన్న కాలువ మా కుంటకు తిరుగుతది. తిరిగేకాడ రెండు రాళ్ల నడుమ ఒక చెక్కపలక ఉంటది. పలక దించితే నీళ్లు వాగెంబడి కిందికి పోతయి, ఎత్తితే కుంటల వడుతయి. ఎంత కరువున్నా సరే, ఏటా తొలివాన నీళ్లను ఆమె కుంటల వడనియ్యకపోయేది. పలక దించి పక్కన నిలవడేది. పాత తెల్లచీర కొంగు వాగుల ముంచి పిండి చూసేది. కొంగు తెల్లగ వచ్చినప్పుడే పలక ఎత్తుడు. ‘గుట్ట మొకం కడుక్కున్న నీళ్లే ఇవి. నీ మొకం కడిగిన నీళ్లు నీ బిడ్డకు తాపుతవా?’ అనేది.

నేను తప్పిన గా యేడు, ఇప్పపూల కాలం. మా దిక్కు ఆడోళ్లు చెట్టు కింద ఎండాకులకు అగ్గి వెడతరు. ఆకు కాలితే నేల నున్నగైతది, తెల్లారి రాలిన పువ్వు మంచిగ కనవడుతది, ఏరుడు అల్కగైతది. రాహేలత్త మాత్రం చీపురు పట్టుకునే పోయేది. ‘ఊడిస్తె నడుము నొస్తది. కాలిస్తె గుట్ట నొస్తది’ అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆనాడు చిన్నదానికి జరం, ఇంటికి జల్ది పోవాలె. అగ్గిపెట్టె తీసిన. కాలినంక పచ్చి కొమ్మతోని కొట్టి ఆర్పిన. ఆరిందనుకున్న. గంప నింపుకుని ఇంటికొచ్చి, బిడ్డ నుదురు మీద తడిబట్ట వేస్తుంటె, వెనక నుంచి పొగ వాసన.

గుట్ట మూడు రోజులు కాలింది. నెమళ్లు ఊర్లకొచ్చి ఇండ్ల కప్పుల మీద వరుసగ కూసున్నయి. ఒక్కటి అరవలే. మనిషి కిందికెల్లి పోయినా ఎగరలే, ఊకె చూసినయి. ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద బూడిద వడ్డది, పిండి జల్లెడ పట్టినట్టు. బీడీలకు తునికాకు కోసే కూలోళ్లు అగ్గి వెట్టిండ్రని ఊరంత అన్నది. నేను నోరు మూసుకున్న. రాహేలత్త వాకిట్ల బూడిదను అరచేతిల వేసుకుని, రెండు వేళ్లతోని రుద్ది, శానాసేపు చూసింది. ‘ఇది ఈడ ఉండేటిది కాదు లచ్చీ. వాన కోసం చూస్తది’ అన్నది.

మిరుగుకు, గదే మృగశిర కార్తెకు, నాలుగు రోజులుందనంగ మబ్బు వట్టింది. మిరుగు నాడు మా దిక్కు చాప తినని ఇల్లుండదు. సంఘం ఏడాదంత చూసేది గా ఒక్క పొద్దు కోసమే. నా పిల్లల బడి బట్టలు, ఇంటి మీది రేకులు అన్నీ గా కుంటలనే ఈదుతున్నయనుకోండ్రి. కుంటల నీళ్లు మోకాలు దాటుతలేవు, చాపలన్నీ నడుమ మడుగుల కుక్కుకుని ఉన్నయి. రాహేలత్తకు కీళ్ల జరం, మంచం మీద నుంచి కాలు దించుతలేదు. ఉరుము వినంగనే నన్ను పిలిచింది. ‘పలక దించు. బట్ట ముంచి చూడు. తెల్లగ రాకుంట ఎవడొచ్చి చెప్పినా ఎత్తకు. దేవుడొచ్చి చెప్పినా సరే, నన్నడగమను’ అన్నది.

పోయిన. దించిన. పలక మీద కూసున్న. వాన గుట్ట మీద వడ్డది, మాకాడ చినుకు లేదు. జరసేపటికి వాగు వచ్చింది. నేను ఎన్నో వాగులు చూసిన, ఎర్ర నీళ్లొస్తయి, నురగొస్తది, సప్పుడొస్తది. ఇది నల్లగ వచ్చింది. చిక్కగ, మెల్లగ, సప్పుడు చెయ్యకుంట, దారి చూసుకుంట వచ్చినట్టు వచ్చింది. ముందల ఒక కాలిన పిట్ట తేలుకుంట వచ్చి పలకకు తగిలి ఆగింది. తెచ్చిన తెల్లబట్ట ముంచిన. పిండితే వేళ్లు గూడ నల్లగైనయి.

మల్లయ్య మామ, ఇంక నలుగురు ఉరుక్కుంట వచ్చిండ్రు. ‘ఏమే లచ్చవ్వా, నీళ్లన్నీ కిందికి పోతున్నయి, నీరడి పెత్తనం నీకెవలిచ్చిండ్రు?’

‘అత్త ఎత్తద్దన్నది మామా. బూడిద నీళ్లు, చాపకు మంచిది కాదట.’

‘బూడిదనే గద! బూడిద రుద్దకుంట ఒక్కనాడన్న చాప కూర వండినవా నువ్వు? పొలానికేస్తె ఎరువు, పండ్లకు రాస్తె తెలుపు, చాపకొచ్చేసరికి విషమైందా?’

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నిజమే, రోజు కొర్రమట్ట చాపకు బూడిద వెట్టి బండకు రుద్దేదాన్ని నేను. కని నేను పలక ఎత్తింది గందుకు కాదు. బూడిద విషమంటె, గా బూడిద ఎవల చేతులకెల్లి వచ్చిందని అడుగుతరు. గా ప్రశ్న రావద్దనుకున్న. లేచి పక్కకు జరిగిన. మామను పట్టనియ్యలే, పలకను నా చేతులతోని నేనే ఎత్తిన. నల్ల నీళ్లు కాలువల తిరిగినయి.

తెల్లారి కుంటకు పోతుంటె నా అడుగుల సప్పుడు నాకే ఇనొస్తుంది. తొలివాన తెల్లారి కప్పలు చెవులు పలిగేటట్టు అరవాలె. ఒక్కటి లేదు. కట్ట ఎక్కి చూసిన. ఎండ్రికాయలన్నీ నీళ్లకెల్లి బయటికొచ్చి రాళ్లెక్కి కూసున్నయి, కుంట దిక్కు వీపు వెట్టి. దగ్గరికి పోయినా ఉరకలే. కొర్రమట్టలు బురద గట్టు మీదికి పాకి వచ్చి నోరు తెరుస్తున్నయి. నీళ్ల మీద రవ్వ చాపలు, బొచ్చె చాపలు, వందలు, అన్నీ మూతులు పైకి పెట్టి, అన్నీ ఒక్క దిక్కుకే తిరిగి. నోర్లు తెరుస్తున్నయి, మూస్తున్నయి, తెరుస్తున్నయి. ఏదో చెప్తున్నట్టు. అన్నీ ఒక్కటే మాట. ఒక కొంగ ఒడ్డున నిలవడి చూస్తుంది, ముక్కు పెట్టలే. నేను నీళ్లల్లకు దిగి నిలవడ్డ. కాళ్లను ఏదీ గిచ్చలే.

పొద్దెక్కేసరికి అన్నీ తెల్లకడుపులే.

ఊరు జమైంది. కుంటల మందు గలిపిండ్రని ఒకలు, గంగమ్మకు కోపమొచ్చిందని ఒకలు. నీరడి రాహేలే పని మరిచి మంచంల పండుకున్నదని ఇంకొకలన్నరు. గా మాట గుంపుల తిరిగి తిరిగి గట్టివడ్డది. గప్పుడు రాహేలత్త వచ్చింది, కట్టె పట్టుకుని, ఒక కాలు ఈడ్సుకుంట. ఎవల దిక్కూ చూడలే. ఒక చాపను తీసి మొప్ప ఎత్తి చూపెట్టింది. ఎర్రగ ఉండాల్సిన మొప్పల నిండ నల్ల బురద, కాటుక కూరినట్టు. ‘మందు కాదు, గంగమ్మ కాదు. ఊపిరాడలే దీనికి’ అన్నది. మల్లయ్య మామ తల వంచుకున్నడు. ‘పలక ఎవలు ఎత్తిండ్రు?’ అనడిగింది.

ఆమె నా దిక్కు చూడలే, నన్ను ఇరికియ్యలే. నేను ఊకుంటె తప్పు ఆమె మీదికే పోయేది. ‘నేనే అత్తా. నా చేతులతోని ఎత్తిన’ అన్న.

తిడ్తదనుకున్న. ఆమె కట్టె కిందవెట్టి, మంది అందరు ఇనేటట్టు అన్నది: ‘ఇంత మందిల నిజం చెప్పింది. నా తర్వాత పలక లచ్చవ్వనే చూస్తది.’ నా వంతు పోతదనుకున్న నాకు ఊరి నీళ్లే ఇచ్చింది. అగ్గి మాట గొంతులకొచ్చింది. మింగిన.

మిరుగుకు మా ఊర్ల ఎవలింట్ల చాప వండలే. గా యేడంత పిల్లలకు గంజే. మేమిద్దరం తూము తీసి నల్ల నీళ్లు వొదిలినం, అడుగు బురద తట్టలతోని ఎత్తి దూరం పోసినం. మళ్ల నీళ్లొచ్చినయి, తేటగ, అడుగు కనవడేటట్టు. అంత తేట నీళ్లంటె నాకు ఇంక భయం. అండ్ల నత్త లేదు, నాచు లేదు, పురుగు లేదు. తొంగి చూస్తె నా మొకమొక్కటే కనవడేది.

మరుసటేడు గూడ కప్ప అరవలే. ఆ మీది యేడు, ఒకనాడు పొద్దుగాల కట్ట మీద కూసుంటె, తుంగలకెల్లి ఒక్కటి అరిచింది. రాహేలత్త నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఇంకోటి పలుకుతదేమోనని చూసినం, పలకలే. పండ్లు లేని నోరు తెరిచి నవ్వింది. ‘ఒంటిదే పాపం. దీనికి పెండ్లి చెయ్యాలె లచ్చీ’ అన్నది. గా నవ్వు చూసి నాకు ధైర్యమొచ్చింది. ‘అత్తా, గా గుట్ట మీది అగ్గి...’ అన్న. ‘ఇడువు. గా తునికాకోళ్ల పాపం ఆళ్లే మోస్తరు. నువ్వైతే నిజం చెప్పినవు, నాకది చాలు’ అని నా చెయ్యి తట్టింది. ఇంకేం చెప్త? గా చలికాలంల పోయింది. చర్చి వెనక మట్టి వెట్టిండ్రు. నేను గూడ పిడికెడు వేసిన.

అప్పటి నుంచి ఊర్ల ఏ పంచాయితి వడ్డా ‘లచ్చవ్వనడుగుండ్రి, ఆమె అబద్ధమాడది’ అంటరు. అన్నప్పుడల్ల నా కడుపుల ఏదో నోరు తెరుస్తది, మూస్తది.

ఇయ్యాల పొద్దుగాల కట్ట మీద సంఘమంత కూడింది. ఈ యేడు గుట్ట ఎవలు కాల్చిండ్రని లొల్లి. తునికాకోళ్లే అని ఒకలు గట్టిగ అంటుండ్రు. వెనక నిలవడ్డ ఆడోళ్లు నేల చూస్తుండ్రు. గా చూపు నాకెర్క. మల్లయ్య మామ ముసలోడైండు, చెవు జర మందం. ఆయనకు గూడ ఇనవడేటట్టు అన్న: ‘ఈ యేడుది నాకు తెల్వదు. గా యేడు అగ్గి వెట్టింది తునికాకోళ్లు కాదు. నేను. ఇప్పచెట్టు కింద.’

మల్లయ్య మామ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసిండు.

‘రాహేలకు ఎర్కేనా?’ అన్నడు.

‘ఎర్కలేదు మామా. అగ్గి నువ్వు వెట్టినవా అని అడిగితె చెప్పేదాన్నేమో. ఆమె అడగలే. నన్ను నమ్మింది.’