యారాలి పేజీ

మాది కాకినాడ. సిద్దిపేట నుంచి మిరుదొడ్డి వెళ్లే బస్సులో, మనల్ని విసిగించే మనుషులతో ఎలా మెలగాలో చెప్పే పుస్తకం చదువుకుంటున్నాను. పక్క సీటావిడ కాసేపు తొంగిచూసి, "అక్కా, జర గిటియ్యరాదు. మా యారాలి గురించి ఏమన్న రాసిన్రేమో చూస్త" అంది. యారాలంటే తోడికోడలని ఆమే చెప్పింది.

ఇచ్చాను. ప్రతిదానికీ అలిగేవాళ్ల గురించిన పేజీ దొరకగానే బస్సంతా వినేలా చదవడం మొదలుపెట్టింది. ముందు సీటులోని ఎర్రచీర ఆవిడ గిరుక్కున తిరిగింది.

"గది నా గురించి కాదు, నీ గురించే! మా తమ్ముని పెండ్లిల మాట బంద్ చేసింది ఎవలు?"

ఆమే యారాలు! గొడవ తప్పదనుకున్నాను. ఆమె మాత్రం లేచి వచ్చి, "జరుగు, మిగిలింది నేను చదువుత" అంటూ మా మధ్య ఇరుక్కుంది. ఇక పేజీ పేజీకీ ఒకరినొకరు వేలు పెట్టి చూపించుకుంటూ పడిపడి నవ్వారు. పుస్తకమంటే ఒక్కరే మౌనంగా చదువుకునేదనుకునే నాకు అది కొత్తగా ఉంది.

మిరుదొడ్డిలో దిగాక పుస్తకం వాళ్లకే ఇచ్చేసి, "ముందు ఎవరు చదువుతారు?" అన్నాను.

"ఇద్దరం ఒక్క ఇంట్లనే ఉంటం అక్కా. అన్నం తిన్నంక ఒకలు చదివితె ఒకలు ఇంటం" అంది ఎర్రచీర ఆవిడ, యారాలి సంచి కూడా తనే అందుకుంటూ.