సువార్త ఎడమ కన్ను

మా అమ్మాయి సువార్తకు అప్పుడు ఆరేళ్లు. మోకాళ్లు వాచిపోయి, పొద్దున లేస్తే అడుగు వేయలేకపోయేది. చిన్నపిల్లలకు వచ్చే కీళ్లవాతం అని డాక్టరుగారు మందులు రాసి, "ఈ జబ్బు కళ్లకీ వస్తుందమ్మా, ఒకసారి చూపించండి" అన్నారు. పిల్ల కళ్లు ఎర్రగా లేవు, నీరు కారడం లేదు. అవతల మిరపకోతలు మొదలయ్యాయి. అయినా పెద్దాయన చెప్పారు కదా అని ఒకరోజు పని మానుకుని, ప్రత్తిపాడులో బస్సెక్కి బ్రాడీపేటలోని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ ఎడమ కన్ను మూసి అక్షరాలు చదవమన్నారు. గడగడా చదివేసింది. నాకు ధైర్యం వచ్చింది. తర్వాత కుడి కన్ను మూసి, "ఇప్పుడు చదువు తల్లీ" అన్నారు. సువార్త డాక్టరమ్మ చేతిని పక్కకు తోయబోయింది.

"ఏమ్మా, కనపడట్లేదా?"

"అది చూసే కన్ను కాదండీ" అంది, మామూలుగా. "చూసేది మీరు మూసిన కన్ను."

"ఎప్పట్నుంచే? నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"అందరికీ అంతే అనుకున్నానమ్మా."

రెండు కళ్ల లోపలా వాపు నెలల తరబడి ఉందట. నొప్పి లేకుండా, ఎర్రబడకుండానే ఎడమ కంటి చూపును తినేసిందట. చుక్కల మందులతో, ఇంజెక్షన్లతో కుడి కన్ను దక్కింది. ఎడమ కంటికి వెలుతురు మాత్రమే తెలుస్తుంది.

సువార్త ఇప్పుడు ఐదో తరగతి. మోకాళ్లు నయమై పరుగులు పెడుతోంది. కీళ్లజబ్బున్న పిల్లలు ఎక్కడ కనపడినా, కళ్లు బాగానే ఉన్నా సరే చూపించమని వాళ్ల అమ్మలకు చెబుతుంటాను. బడికి వెళ్లేటప్పుడు తనకు ఎడమ పక్కన నేను నడుస్తాను. ఆ వైపు నుంచి బండి వస్తే తనకు తెలియదు.