వాగు ఒడ్డున పెన్సిల్ చుక్క

మా అక్క హైమవతికి కోపం రాదు. ఆమె వాటా కోపం కూడా నాకే వచ్చింది కాబట్టి ఈ సంగతి నేనే చెప్తాను. వింటే మీకూ ఒళ్లు మండుతుంది.

మేముండేది చిక్కడపల్లిలో. అక్క చాలాకాలం నారాయణగూడలో ఒక డ్రాయింగ్ ఆఫీసులో కూర్చుని ఇంకు పెన్నుతో పటాలు గీసేది. తొంభై ఆరులో ఆ ఆఫీసు మూతపడింది. అప్పుడే జగదీశ్వర్ అశోక్‌నగర్‌లో ఒక మేడ మీద రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద స్కానర్ పెట్టాడు. "నువ్వు రా అక్కా, పటం చదివెటోళ్లే కావాలె నాకు" అన్నాడు. వాడు పరాయివాడేం కాదు. సర్వేయరుగా ఉన్న మా నాయిన దగ్గర పని నేర్చుకున్నాడు, ఏళ్ల తరబడి మా వంటింట్లో పీట వేసుకుని తిన్నాడు. నాయిన పోయిన రోజు పాడె మోసిన నలుగురిలో వాడొకడు.

అక్క పని ఏమిటంటే, కాగితపు పటాన్ని స్కానర్‌లో పెడితే కంప్యూటర్‌లో బొమ్మ వస్తుంది. అది ఉత్త ఫోటో లాంటిదే, కాస్త ఒంకరగా కూడా ఉంటుంది. పటం నాలుగు మూలలా అచ్చయిన అక్షాంశాలూ రేఖాంశాలూ చూసి, తెర మీద ఆ మూలల్నే గురి తప్పకుండా నొక్కి, ఆ అంకెలు కొట్టాలి. అప్పుడు బొమ్మ సర్దుకుని భూమికి అతుక్కుంటుంది. ఇక మౌసు బాణం ఎక్కడ పెట్టినా ఆ చోటు భూమ్మీద ఎక్కడుందో అంకెల్లో చెప్పేస్తుంది. ఇంటికొచ్చి పప్పుకి తాలింపు వేస్తూ కూడా అక్కకి అదే ముచ్చట.

మరుసటేడు పాలమూరు వైపు పటాలన్నీ ఇలా చేసిపెట్టే పని వచ్చింది. అన్నీ దొరికాయి గానీ ఒక్క షీటు ఎక్కడా దొరకలేదు. అది మా ఇంట్లో, అమ్మ పెట్టెలో ఉంది.

నేను పుట్టకముందు ఆ ప్రాంతంలో నాయిన క్యాంపు. అమ్మ తొలిచూలు కొడుకు అక్కడే జ్వరమొచ్చి పోయాడు. వాగు ఒడ్డున పాతిపెట్టారు. రాయి పెట్టలేదు, వారం తిరక్కుండానే క్యాంపు లేచిపోయింది. ఆ చోట నాయిన పటం మీద సన్నటి పెన్సిల్ చుక్క పెట్టాడు. అమ్మకి చదువు రాదు. ఆ పటంలో ఆమె చదవగలిగింది ఆ చుక్క ఒక్కటే. ఏటా ఒకసారి పటం పరుచుకుని, దాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చునేది.

అక్క జగదీశ్వర్‌కి ఇదంతా విడమర్చి చెప్పింది. "ఒట్టక్కా, మీ నాయిన పెట్టిన చుక్క నాకు దేవునితోని సమానం. పువ్వు లెక్క తెచ్చిస్త" అన్నాడు. వాడు కాబట్టే అమ్మ తన చేత్తో పటం తీసిచ్చింది.

తర్వాత అక్క అడిగినప్పుడల్లా, "బీరువాల భద్రంగున్నదక్కా, ఫికర్ చెయ్యకు" అనేవాడు. చివరికి ఆ షీటు బొమ్మ అక్క ముందుకే వచ్చింది. నాలుగు మూలలూ నొక్కి, అంకెలు కొట్టి, అన్న ఉన్న చోటు అంకెల్లో రాసి అమ్మకి చెబుదామని ఆశగా బాణాన్ని వాగు వెంట జరిపింది. చుక్క లేదు. పెద్దది చేసి చూసినా లేదు. లేచి బీరువా తీసింది. వాగు పొడుగునా రెండు ఒడ్లమ్మటా కాగితం రబ్బరుతో రుద్దీ రుద్దీ నూగు లేచి ఉంది.

"పెన్సిల్ మరకలుంటే పనిచ్చిన పార్టీవోళ్లు తీసుకోరక్కా. జర సాఫ్ చేసిన" అన్నాడు జగదీశ్వర్.

"స్కాన్ చేసినంక బొమ్మల తుడుస్తే అయిపోతుండె గదరా. కాగితం ఎందుకు ముట్టినవ్?"

"అట్ల శానా టైం పడతది. రబ్బరైతే నిమిషం పని. గింతదానికి పరేషాన్ ఎందుకక్కా? ఏ జాగ కావాల్నో చెప్పు, ఇప్పుడే నంబర్ తీసిస్త."

"ఏ జాగనో చెప్పేది గా చుక్కనే గదరా!"

అక్క పటం చుట్టుకుని ఇంటికొచ్చేసింది. నేనైతే వాడి మొహాన ఉమ్మేసి వచ్చేదాన్ని. మరకట! మా ఇంటి మెతుకు తిని మా అన్నని మరకన్నాడు. సంగతి విన్నాక నేనే అక్కతో గుసగుసగా, "నువ్వే ఒక చుక్క పెట్టు, అమ్మకేం తెలుస్తది" అన్నాను.

"వాడు చేసిన మోసం సాలదా, త్రివేణీ? మనం గూడ చేయాల్నా?" అంది అక్క. వెళ్లి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అమ్మ ఏడవలేదు. "చుక్క సంగతి వానికి ఎరికే గద, బిడ్డా?" అంది.

"ఎరికేనమ్మా. నేనే చెప్పిన."

"ఎరికుండి తుడిచిండా?"

"ఎరికుండే తుడిచిండు."

అమ్మ పటం నేల మీద పరుచుకుంది. వాగు వెంట వేలు జరుపుకుంటూ పైనుంచి కింది దాకా పోయింది. మళ్లీ కిందినుంచి పైకి వచ్చింది. ఆ వాగుకు ఎన్ని వంకలో! ఒక్కో వంక దగ్గర వేలు ఆపడం, కాదనుకుని కదలడం. చివరికి తలెత్తి మా ఇద్దరి మొహాలూ చూసింది.

"అయితే నా కొడుకు యాడున్నడే?"