మా జీపుకి లారీ ఇంజను ఎక్కించిన వేసవి

మా వీధి చివర కల్యాణమండపంలో కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు వేస్తారు. మొదట నల్లటి పొగ ఒక్కసారి గుప్పుమని లేచి, మేడల మీద ఆరేసిన బట్టల మీదుగా వచ్చి నా వంటింట్లో దూరుతుంది. చుట్టుపక్కల అందరూ విసుక్కుంటూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం చేతిలో పని ఆపి కాసేపు అలాగే నిలబడిపోతాను. ఆ కాలిన డీజిల్ వాసనలో నాకెప్పుడూ కొత్త ఆవపిండి ఘాటు కూడా తగులుతుంది. అది అక్కడ లేదని నాకు తెలుసు. నా తొమ్మిదో ఏట ఒక వేసవి అంతా ఆ రెండు వాసనలూ మా పెరట్లో కలిసి తిరిగాయి. వాటిని విడదీయడం నా ముక్కుకి అప్పటినుంచీ చేతకాలేదు.

మాది మామిడికుదురు దాటాక గోదావరి పాయకి ఆవలి ఒడ్డున ఉన్న చిన్న లంక. కొబ్బరితోటలు, వాటి నీడన కంద, అరటి, గట్టు దిగితే వరిచేలు. ఊరికీ బయటి లోకానికీ మధ్య ఉన్నదల్లా పాయకి అడ్డంగా వేసిన కాజ్‌వే ఒక్కటే. ఎండాకాలంలో దాని మీద గెలలు కట్టిన సైకిళ్ళు, పాలబిందెలు, సినిమాకి వెళ్ళే కుర్రకారు బారులు తీరేవాళ్ళు. ఆషాఢం వెళ్ళి వరద ఎర్రనీరు వచ్చిందంటే అదే దారి మోకాలి లోతు నుంచి నడుం లోతుదాకా మునిగి, దాని ఆచూకీ చెప్పడానికి రెండు వైపులా పాతిన రాళ్ళు మాత్రం పైకి కనిపించేవి. ఊరు మొత్తానికి ఒకే జీపు మాది. నాన్న వేలంలో కొన్న పాత పెట్రోలు జీపు, నాలుగు చక్రాలూ లాగేది. కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు, పెళ్ళిపందిరి సామాను, జ్వరంతో మూలిగే మనుషులు, అన్నీ దాంట్లోనే పాయ దాటేవి.

ఆ వేసవికి ముందటి శ్రావణంలో, అమ్మకి ఏడో నెల నడుస్తుండగా, ఒక ఉదయం ఉన్నట్టుండి నొప్పులు మొదలయ్యాయి. నాన్న అమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి నీళ్ళలోకి దిగాడు. కాజ్‌వే సగం దాటాక ఇంజనులోకి నీళ్ళు చిమ్మి, నిప్పురవ్వ పుట్టాల్సిన చోటు తడిసి, జీపు ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా అంటుకోలేదు. ఒడ్డునున్న వాళ్ళు నడుం లోతు నీళ్ళలో దిగి వెళ్ళి, అమ్మని మంచం మీద మోసి అవతలికి చేర్చేసరికి పొద్దెక్కింది. అమలాపురం ఆసుపత్రిలో తమ్ముడు పుట్టాడు గానీ ఏడవలేదు.

ఆ తరవాత అమ్మ జీపు ఎక్కలేదు. ఎక్కడికెళ్ళినా నడిచేది, లేకపోతే పడవ. నాన్నతో మాట్లాడేది, వడ్డించేది, కానీ జీపు ఉన్న వైపు చూసేది కాదు. నాన్నకి కుదురు పోయింది. అన్నం కంచం చేత్తో పట్టుకుని పెరట్లో తిరుగుతూ తినేవాడు. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు ఆడించేవాడు, కాళ్ళు ఆగితే లేచిపోయేవాడు. ఆ చలికాలమంతా ఇంట్లో ఎవరం ఒకచోట నిలకడగా కూర్చున్న గుర్తు లేదు నాకు.

చైత్రంలో ఒకరోజు ట్రాక్టరు మీద, కొబ్బరిపీచులో పొదిగి, చిన్న లారీ డీజిల్ ఇంజనొకటి మా పెరట్లో దిగింది. దాంతో పాటు అమలాపురం నుంచి మెకానిక్ సత్తిబాబు వచ్చాడు. ఎండకి కందిన ముఖం, చెవిలో బీడీ, మాట చాలా నెమ్మది. మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, అరుగు మీంచి ఆ ఇనప గుండిగని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇంత ముండాకొడుకుని ఆ బుల్లి జీపు ఎలా మోస్తుందిరా?"

"మోయిస్తామండి మామ్మగారూ, ఆయ్" అన్నాడు సత్తిబాబు.

మూడు సరుగుడు వాసాలు నిలబెట్టి, పైన ముడేసి, గొలుసు కప్పీతో పాత ఇంజను పైకి లాగారు. అది గాల్లో మెల్లగా తిరుగుతుంటే నల్లటి నూనె బొట్లు బొట్లుగా ఇసకలో పడేది. జీపు ముందుభాగం డొల్లయిపోయింది. నేనూ, ఎదురింటి పార్వతీ ఆ డొల్లలో దిగి బొమ్మలిల్లు కట్టుకున్నాం. ముంజికాయ బుర్రలు మా గిన్నెలు, రాలిన కొబ్బరి పిందెలు మా కూర. సాయంత్రం ఒంటినిండా గ్రీజుతో లేచి వెళ్తే మామ్మ కిరసనాయిలు గుడ్డతో తోమి, ఆపైన సున్నిపిండితో తోమేది.

కొత్త ఇంజను మాత్రం అనుకున్నంత తేలిగ్గా కూర్చోలేదు. నాలుగు వేళ్ళ పొడుగు ఎక్కువైంది. రేడియేటరు ముందుకి జరిపారు. బానెట్టు మూతపడకపోతే కోసి పైన రేకు గూడు అతికారు. బరువుకి జీపు ముక్కు నేలకి దిగితే ముందు కమానుల్లో ఇంకో పట్టీ వేశారు. వీటన్నిటికన్నా కష్టం, ఇంజనుకీ పాత గేరుబాక్సుకీ మధ్య రెంటినీ కలిపే పలక. అమలాపురం లేతు షాపులో చేయించి తెచ్చి బిగించి స్టార్టు చేస్తే, జీపు పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. మా గోడ మీద అద్దం పడి పగిలింది. వెంట్రుకవాసి తేడా ఉందన్నాడు సత్తిబాబు. నాన్న పలక ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, సైకిలెక్కాడు. ఆ ఎండల్లో అలా మూడుసార్లు తిరిగాడు.

అప్పుడే ఆవకాయల రోజులు. పెరట్లో ఒక పక్క వెల్డింగు రవ్వలు, ఇంకో పక్క రోట్లో ఆవాలు. అమ్మ వీపు జీపు వైపు పెట్టి దంచేది. ఒక మధ్యాహ్నం నాన్న లేతు షాపుకి వెళ్ళి ఉన్నాడు. అమ్మ జాడీలో కారం, నూనె, ముక్కలూ కలుపుతూ కలుపుతూ ఉన్నట్టుండి లేచింది. ఎర్రటి చెయ్యి అలాగే చాపుకుని జీపు దగ్గరికి నడిచింది. సత్తిబాబు బీడీ పారేసి నిలబడ్డాడు.

"ఇది నీళ్ళలో ఆగదా?" అంది.

"ఆగనే ఆగదని చెప్పలేనండమ్మా. ఇందులో తడిసి ఆరిపోటానికి నిప్పురవ్వ లేదండి. డీజిలూ గాలీ అందినంతసేపూ తిరుగుద్దండి."

"గాలి ఎక్కణ్ణుంచి తీసుకుంటుంది?"

అతను వంగి, ఇంజను పక్కన తొడ ఎత్తులో ఉన్న డబ్బా చూపించాడు. అమ్మ దాన్ని చూసింది. తరవాత వెనక్కి వెళ్ళి, ఒక కాలు జీపులో పెట్టబోయి తీసేసి, బయట నిలబడే సీటుని ఒకసారి తాకింది. తిరిగి వచ్చి, జీపు పక్క రేకు మీద కారం వేలితో అడ్డంగా గీత గీసింది. ఆ గీత డబ్బాకన్నా జానెడు పైన పడింది.

"ఆ రోజు నీళ్ళు ఇక్కడిదాకా వచ్చేయి. ఆయనకి తెలీదు. ఆయన ముందుకే చూస్తున్నారు. నేను పడుకునున్నాను కదా, నా చెవికి తగిలేయి."

సత్తిబాబు పనిముట్ల పెట్టె దగ్గర వంగాడు. మేకు తీసుకుని, నూనె గీత ఆరిపోకముందే దాని వెంబడి రేకు మీద గట్టిగా గీకాడు. సాయంత్రం నాన్న వచ్చాక ఇద్దరూ ఆ గీత ముందు గొంతుక్కూర్చున్నారు. నాన్న దాని మీద వేలు పెట్టి చూసి, తరవాత మొహం కడుక్కోడానికి నూతి దగ్గరికి వెళ్ళి ఎంతకీ రాలేదు. మర్నాడు గాలి పీల్చే గొట్టం, పొగ గొట్టం రెండూ జీపు కప్పుదాకా లేపారు.

శ్రావణం వచ్చింది. ఎర్రనీరు రాళ్ళ నడుముదాకా ఎక్కింది. పడవ కట్టేసిన మూడో రోజు మధ్యాహ్నం పార్వతి వాళ్ళ వదిన మంగకి నొప్పులొచ్చాయి. తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగిందంది మంత్రసాని. వాళ్ళింటి మగవాళ్ళు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. నాన్న జీపు తీసి మంగని వెనక పడుకోబెట్టించాడు గానీ గట్టు మీద నీటి ముందు ఆపేశాడు. బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. ఇంజను కొట్టుకుంటోంది.

అమ్మ చీరకుచ్చెళ్ళు ఎగదోపుకుని వెనక నుంచి జీపెక్కింది. మంగ తలని ఒళ్ళోకి తీసుకుంది.

"పోనివ్వండి" అంది. "నీళ్ళెంతున్నాయో నే చెప్తాను, మీరు రాళ్ళు చూసుకోండి."

నాన్న పక్కనున్న చిన్న గేరు కర్ర లాగి నాలుగు చక్రాలకీ బలమిచ్చి, దిగాడు. నేనూ మామ్మా గట్టు మీద. జీపు చక్రాలు మునిగాయి, వాటి మీది రేకు రెక్కలు మునిగాయి, ఎర్రటి నీళ్ళ మీద టాపు, నల్లటి పొగా మాత్రం జరుగుతున్నాయి. నడిమధ్యకి వెళ్ళాక ఇంజను గొంతు ఒకసారి బొంగురుపోయింది. మామ్మ నా భుజం నొక్కిన చోట రెండ్రోజులు నీలంగా ఉంది. మళ్ళీ గొంతు లేచింది. టాపు కింద రెక్కలు, రెక్కల కింద చక్రాలు బయటపడ్డాయి, నీళ్ళు ధారలుగా కారుతుంటే జీపు అవతలి గట్టెక్కింది.

మంగకి ఆడపిల్ల పుట్టింది. మర్నాడు నీరు తగ్గాక అమ్మా నాన్నా అదే జీపులో తిరిగొచ్చారు. అమ్మ ముందు సీట్లో ఉంది. ఆ రాత్రి నాన్న పీట మీద కూర్చుని తిన్నాడు. కుదురుగా ఉన్నది ఆ ఒక్క పూటే అనుకుంటాను. వారం తిరక్కుండా గేరుబాక్సు ఏదో గునుస్తోందని మళ్ళీ ఊడదీశాడు.

ఇప్పుడు పాయ మీద ఎత్తుగా వంతెన వచ్చింది. వరద రోజుల్లో జనం దాని మీద బళ్ళాపి నీళ్ళతో ఫొటోలు దిగుతారు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. జీపు చివరికి పాత ఇనుము కింద వెళ్ళిపోయింది. సత్తిబాబు షెడ్డున్న చోట సెల్‌ఫోన్ల కొట్టు. అమ్మ అమలాపురంలో నా దగ్గరే ఉంటుంది, నెలకోసారి తోట చూసొస్తానంటే ఆటోలో తీసుకెళ్తాను. దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది, కొబ్బరికి తెల్లదోమ పట్టిన సంగతో, సీరియల్లో కోడలి సంగతో. వంతెన ఎక్కగానే మాట మధ్యలో ఆగిపోతుంది. కమ్మీకి అవతల ఎక్కడో చూస్తూ కూర్చుంటుంది. ఎంతో సేపు కాదు. ఆవలి గట్టు రాగానే, ఎక్కడ ఆపిందో సరిగ్గా ఆ మాట దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెడుతుంది.