సూది లేని ఆదివారం

మా మేనత్త పోయిందని గుడివాడ నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను బందరు బస్టాండులో కాలేజీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. నిద్రలోనే పోయిందట. పొద్దున కాఫీకి లేపబోతే లేవలేదట. పక్కనున్న తోటి లెక్చరరు సంగతి విని, "ఏమైందండీ? ఏమన్నా జబ్బు చేసిందా?" అని అడిగారు.

"పెద్దావిడండీ, వయసు," అన్నాను.

చేతుల వణుకు జబ్బు ఉండేదన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. గుడివాడ బస్సెక్కి కూర్చున్నాక సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఎందుకంటే ఆ మాటను మా అత్తయ్య నా ఎదుటే, ముక్కూ ముఖం తెలియని వాళ్ళ ముందు, గొంతు తగ్గించకుండా చెప్పింది. అది మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

అత్తయ్య గుడివాడలో ఆడపిల్లల హైస్కూల్లో కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. జాకెట్టు భుజం మీద ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉండేది. ఎదుటివాడి చొక్కాకి బొత్తాం వేలాడుతుంటే ఆవిడ కంటికి ఇంకేమీ ఆనేది కాదు. పెళ్ళి పందిట్లో అయినా సరే, నిలబెట్టి కుట్టేసేది. "కదలకు. కుడుతోంది బొత్తాన్ని, నిన్ను కాదు," అనేది. బట్ట కత్తిరించే ముందు గుక్కెడు మంచినీళ్ళు తాగేది, పిల్లల చేతా తాగించేది. "దాహంతో ఉన్నవాడు తొందరగా కోసేస్తాడు. కోశాక ఏడ్చి లాభం లేదు," అనేది.

కిందటేడు మేం మేడ మీదికి ఒక గొడుగు బల్ల కొన్నాం. దివిసీమలో ఎవరో రిసార్టు మూసేస్తూ సామాను అమ్మేస్తుంటే తెచ్చుకున్నాం. గుండ్రటి బల్ల, మధ్యలో కన్నం, ఆ కన్నంలోంచి పైకి లేచిన గొడుగు కర్ర, అడుగున సిమెంటు దిమ్మ. గొడుగు బాగానే ఉంది గానీ బల్ల పైభాగం పెచ్చులూడిపోయింది. మా ఆవిడ పెడన వెళ్ళి లతలూ నెమళ్ళూ ఉన్న గుండ్రటి కలంకారీ టేబుల్ క్లాత్ తెచ్చింది. తీరా పరుద్దామంటే మధ్యలో కర్ర. గొడుగు పీకితే తప్ప గుడ్డ దిగదు. ఆ గొడుగు పీకాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

ఆ వారంలోనే మా నాన్నగారి పుట్టినరోజు. చుట్టాలందరూ వచ్చారు. అత్తయ్య కూడా వచ్చింది. ఆ మధ్య శుభకార్యాలకి రావడం తగ్గించేసింది. వచ్చినా చేతులు కొంగు కింద పెట్టుకుని ఓ మూల కూర్చునేది. మోకాళ్ళ నొప్పులనుకున్నాం. నేను టేబుల్ క్లాత్ తెచ్చి అందరి మధ్యా ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"అత్తయ్య ఉండగా టైలరెందుకు? మధ్యదాకా కోసి, అంచు కుట్టేస్తే అయిపోతుంది. ఎంతసేపు!" అన్నాను గొప్పగా.

ఎవరో సూదీ దారమూ తెచ్చిచ్చారు. కాదనలేక పుచ్చుకుంది. దారం కొస తడిచేసి సూది దగ్గరికి తెచ్చింది. కొస అటు పోయింది, ఇటు పోయింది. వేళ్ళు ఊగిపోతున్నాయి. మాట్లాడుతున్న వాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరికి సూది గుడ్డ మీద పెట్టేసి నవ్వింది.

"కళ్ళజోడు తెచ్చుకోలేదురా," అంది.

కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. అక్కడున్న అందరికీ కనబడుతోంది. "పోనీలే అత్తయ్యా," అని గుడ్డ తీసుకున్నానే గానీ ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. భోజనం చెయ్యకుండానే, బస్సు దొరకదంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ పాయసం సహించలేదు.

క్షమించమని అడుగుదామని ఫోన్ తీశాను. ఏమని అడగాలి? ఆవిడ దాచుకున్నదాన్ని మళ్ళీ నా నోటితో అనాలి కదా. పెట్టేశాను.

ఆ ఆదివారం పొద్దున్నే గేటు చప్పుడైంది. చూస్తే అత్తయ్య. సంచీ భుజాన వేసుకుని ఒక్కతే వచ్చింది.

"గుడ్డ కొయ్యలేదు కదా?"

"లేదత్తయ్యా."

"బతికించావ్. ఇస్త్రీపెట్టె తియ్యి. సూది అక్కర్లేకుండా చేద్దాం." కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళోంచి తీసి నాకు చూపించింది. "ఇదిగో, చూడు. ఏడాది నుంచీ ఇంతే. నరాల జబ్బన్నారు డాక్టరు గారు. బడిలో ఇన్నాళ్ళు కుట్టు నేర్పినదాన్ని, ఎలా చెప్పుకోను అనుకున్నాను. మొన్న మీ ఇంట్లో అందరూ చూశారు. ఇంక దాచడానికేముంది?"

"నేనే అత్తయ్యా, అందరిలో…"

"నువ్వేం చేస్తావురా, నీకేం తెలుసు? ముందు మంచినీళ్ళు తాగు. కోసేది నువ్వే."

గుడ్డను నాలుగు మడతలు పెట్టించింది. మడతలు కలిసిన మూలే నడిమధ్య అంది. అక్కడ కర్ర పట్టేంత కన్నానికి నా చేత గీత గీయించి కోయించింది. మడతలు విప్పించి, అంచు నుంచి ఆ కన్నం దాకా ఒకే కోత కొయ్యమంది, నెమలి తెగకుండా రెండు లతల మధ్య నుంచి. నాలుగుసార్లు కత్తెర ఆపి చూసుకున్నాను. తర్వాత సంచీలోంచి ఇస్త్రీ చేస్తే అతుక్కునే టేపు తీసింది. కోసిన అంచు లోపలికి మడిచి, మడతలో టేపు పెట్టి, పైన తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె పెట్టించింది.

"రుద్దకు. అద్దు. రుద్దితే టేపు జరిగిపోద్ది."

కన్నం చుట్టూ చిన్న చిన్న గాట్లు పెట్టించి దాన్నీ అలాగే మడిపించింది. ఇక కోతకి రెండువైపులా చిన్న రేకు రింగులు కొట్టించి నాడా వేస్తే, గొడుగు కదపకుండా గుడ్డ చుట్టెయ్యొచ్చు, తీసెయ్యొచ్చు. ఆ రింగులు ఫ్లెక్సీ బ్యానర్ల షాపులో కొడతారట. ఇద్దరం నడిచి వెళ్ళాం. షాపులో అప్పటికే నలుగురైదుగురు బ్యానర్ల కోసం నిలబడి ఉన్నారు. షాపతను సుద్దముక్క ఇచ్చి, "ఎక్కడెక్కడ కొట్టాలో చుక్కలు పెట్టండి మేడం," అన్నాడు. నేను చటుక్కున చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు.

"నాకు చేతులు వణుకుతాయండీ, జబ్బు," అంది, అందరూ వినేలా. "చుక్కలు కాస్త అటూ ఇటూ పడతాయి. చూసుకుని కొట్టండి."

"పర్లేదండీ. మెషిను తిన్నగానే గుద్దుద్ది," అన్నాడతను.

నిలబడ్డవాళ్ళలో ఒకాయన గుడ్డ అంచు కదలకుండా పట్టుకున్నాడు. అత్తయ్య ఒక్కో చుక్కా పెట్టింది. కొన్ని చుక్కలు తోకలుగా సాగాయి. అంతసేపూ నేను షాపు బయట రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆవిడకి లేని సిగ్గు నాకెందుకొచ్చిందో అప్పుడు నన్ను నేను అడగలేదు. ఆవిడ పోయాక అడుగుతున్నాను. జవాబు బాగాలేదు. ఆవిడ వణుకు ఆవిడకి కాదు, మాకు చిన్నతనమనుకున్నాను.

సాయంత్రం గొడుగు కింద గుడ్డ పరిచాం. కోత గోడ వైపు పెట్టి నాడా ముడేస్తే అతుకున్నట్టే తెలియలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చింది, అత్తయ్యకి సగం గ్లాసు. అత్తయ్య గ్లాసులోకి చూసింది.

"నిండా పొయ్యవే అమ్మాయ్. ఒలికితే ఒలుకుతుంది."

నిండా పోసింది. ఒలికింది. లత మీద పడిన మరకను చూసి, "కలంకారీలో ఇది ఎవడికీ కనబడదు," అని మిగిలిందంతా హాయిగా తాగింది.

చీకటి పడకుండా గుడివాడ బస్సెక్కించాను. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదులుతుంటే చెయ్యి బయటికి పెట్టింది. నన్ను చూసి ఊపుతోందో, అదే ఊగుతోందో కింద నిలబడ్డ నాకు తెలియలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి మాత్రం లోపలికి తీసుకోలేదు.