నక్కతోకకు పూల పండగ

ఆ రోజుల్లో నా దగ్గర వృక్షశాస్త్రం డిగ్రీ తప్ప మరేమీ లేదు. డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో లోకంలోని చెట్లన్నీ మన నోట తమ లాటిన్ పేర్లు వినడానికే మొలిచాయనిపిస్తుంది. బొబ్బిలి పక్కన మా ఊరి నుంచి వెళ్లి అరకులోయలో ఒక రిసార్టు తోట చూసుకునే ఉద్యోగంలో చేరాను. మా అమ్మ చుట్టాలందరికీ 'మా అమ్మాయి అరకులో సైంటిస్టు' అని చెప్పుకుంది. (మొదట్లో నా పరిశోధన అంతా గెస్టులు క్రోటన్ కుండీల్లో పడేసిన చిప్స్ కవర్ల మీదే సాగింది.)

కార్ల పార్కింగు కోసం మా మేనేజరు గారు ఒక పాత చెట్టును కొట్టించారు. కూలిన కొమ్మల్లో ఒకదాన్ని వేళ్లతో కరుచుకుని ఒక ఆర్కిడ్ మొక్క కనబడింది. మట్టి అక్కర్లేకుండా బెరడును పట్టుకుని, వానకూ మంచుకూ తడిసి బతికే రకం. పూస్తే లేత గులాబీ పూలు గుత్తిగా, నక్కతోకలా వేలాడతాయి. ఒకప్పుడు ఈ కొండల్లో ఉన్నదే, చెట్లతోపాటు అదీ కరువైపోయింది. నేను నిజంగానే నక్కతోక తొక్కినంత సంబరపడి, కొమ్మను ఆ మేరకు కోయించి, రిసెప్షన్ ముందు నీడలో వేలాడగట్టించి, అదెంత అపురూపమో మేనేజరు గారికి వివరించాను. చెట్టు కొట్టించిన ఆయనే మర్నాడు 'మేము కాపాడిన అరుదైన పుష్పం' అని అక్కడ బోర్డు పెట్టించారు.

మొక్కకు అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి. మేనేజరు గారు దాన్ని ఇత్తడి కుండీలో ఎర్రమట్టి పోసి పాతాలన్నారు. వేళ్లు కుళ్లిపోతాయని నేను అడ్డం పడితే, పోనీ ఏసీ గదిలో పెడదామన్నారు. వంటింట్లో పనిచేసే, మేమంతా పిన్ని అని పిలిచే ఆమెది ఇంకో బాధ. అక్కడికి దగ్గర్లోని కొండ ఊరామె, కడుపు మాడుతున్న ప్రాణిని చూసి ఊరుకోలేని మనిషి. "ఏటి గుంటా, దీనికి మట్టి నేదు, కుండ నేదు, ఏటి తిని బతుకుద్ది?" అని నన్ను నిలదీసి, నేను చూడనప్పుడల్లా దాని మీద గంజి పోసేది. నేను కడిగేదాన్ని. ఇక నా సంగతి చెప్పాలంటే, మొగ్గ తొడిగే వేళ వదిలి రాలేనని చెల్లి నిశ్చితార్థానికి వెళ్లలేదు. మా అమ్మ ఫోన్లో "అయితే ఆ మొక్కనే చేసుకో" అని పెట్టేసింది.

ఆకుల మధ్య నుంచి పచ్చటి పూలకాడ తొంగిచూడగానే మేనేజరు గారు ఆర్కిడ్ పండగ ప్రకటించేశారు. ముఖ్య అతిథిగా పట్నం నుంచి ఒక రిటైరైన లెక్చరరు గారు వస్తారట. ఆర్కిడ్ల మీద ఆయన మాటే ఆఖరి మాటట. పండగ బాగా జరిగితే నా ఉద్యోగం పర్మనెంటు. వానలు పడితే గానీ మొగ్గలు విచ్చవని నేను మొత్తుకున్నాను. "గెస్టులు రూములు బుక్ చేసేసుకున్నారమ్మా. ఆ సంగతి దానికి చెప్పు" అన్నారాయన. చెప్పాను కూడా. మొక్క వినలేదు.

పండగనాటికి మొగ్గలు ఇంకా ఆవగింజంతే ఉన్నాయి. పొద్దున్నే విశాఖ నుంచి ఒక అట్టపెట్టె దిగింది. అందులోంచి ప్లాస్టిక్ పూలగుత్తులు తీసి, మేనేజరు గారు స్వయంగా ఆకుపచ్చ దారంతో మొక్కకు కట్టారు. ఈ ఒక్కరోజుకే అన్నారు. లెక్చరరు గారు వచ్చారు, దండ వేయించుకున్నారు, గుత్తి దగ్గర వంగి కళ్లు మూసుకుని గట్టిగా వాసన పీల్చారు. ఈ సన్నటి పరిమళం తెల్లవారుజామున ఇంకా బాగుంటుందని అందరికీ చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, ఈ తల్లిని పెంచింది నువ్వేనా అమ్మా అని ఆప్యాయంగా అడిగారు. అవునంటే సరిపోయేది.

"అవి ప్లాస్టిక్ పూలు సార్" అన్నాను.

ఆయన జాలిగా నవ్వారు. "నువ్వు పుట్టకముందు నుంచీ వీటిని చూస్తున్నానమ్మా. ప్రకృతి ఇంత నిండుగా పూస్తే చిన్నవాళ్ల కళ్లు నమ్మవు." చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది మేనేజరు గారు. మర్నాటి నుంచి నన్ను తోటలోంచి తీసి రిసెప్షన్లో గది తాళాలిచ్చే పనిలో వేశారు.

వానలు దిగాక ఒక ఉదయం తాళాల బల్ల దగ్గర్నుంచి తలెత్తి చూస్తే, కొమ్మ నుంచి నక్కతోక వేలాడుతోంది. గులాబీ చుక్కల మీద వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. పరుగున పోయి పిన్నిని లాక్కొచ్చాను. ఆమె చాలాసేపు చూసి, "నాను గంజి పొయ్యబట్టి పూసింది గానీ నీ సదువుకి పూసిందేటి?" అంది. (ఆ క్షణంలో ఆ ఘనత ఆమెకు ఇచ్చేయడానికి నాకేం అభ్యంతరం లేకపోయింది.)

ఆ మురిపెం టిఫిన్ల వేళదాకే. బయటికొచ్చిన గెస్టుల్లో ఒకాయన ఫోన్లో రిసార్టువాళ్లు పెట్టిన పండగనాటి ఫొటో తెరిచి పక్కన పెట్టి చూసి, రంగు వెలిసిపోయిందని ఫిర్యాదు చేశాడు. ఇంకొకావిడ, ఈమధ్య అన్నీ ప్లాస్టిక్కేనంటూ ఒక పువ్వును గిల్లి, వేళ్ల మధ్య నలిపి, "అయ్యో, నిజందే" అని కింద పడేసింది. మేనేజరు గారికి వెంటనే ఉపాయం తట్టింది. పాత ప్లాస్టిక్ గుత్తులు మళ్లీ కట్టించడమే.

నేను ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన బాధపడలేదు. ఆ మొక్కనైనా నాకిచ్చేయమన్నాను. "తీసుకుపో అమ్మా. పువ్వులు మాత్రం కొమ్మకి వదిలేసెయ్" అన్నారు.

బెరడు ముక్కతో సహా మొక్కను మెల్లగా ఊడదీశాను. మా ఊరి ఎండకు అది బతకదు కాబట్టి పిన్ని ఊళ్లో, వాళ్ల ఇంటి వెనక పనసచెట్టుకు గోనెపీచుతో కట్టి వచ్చాను. అది బెరడును వేళ్లతో పట్టేసుకుంది. వానలు పడగానే పిన్ని వాళ్ల అమ్మాయి ఫోన్ నుంచి ఫొటో పంపిస్తుంది. ఇంకా గంజి పోస్తోందేమోనని నేను అడగను.

ఇప్పుడు నేను విజయనగరంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను, ఉద్యోగం పర్మనెంటు. ఏడాదికోసారి వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ఏం సెలవిచ్చినా ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతాను. కొడుతూ ఉండగా ఒక్కోసారి, అంతమంది ముందు నోరు జారిన ఆ అమ్మాయి గుర్తొచ్చి చిన్నగా నవ్వొస్తుంది. ఉపన్యాసం నాకు బాగా నచ్చిందని పక్కవాళ్లు అనుకుంటారు.