పెద్దమ్మ పాతిన కందికట్టెలు

పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను పప్పుకి పోపు పెడుతున్నాను. "అక్కా, అమ్మ లేదిగ" అన్నాడు. తర్వాత "దవాఖాన నుంచి అంబులెన్సుల తెస్తున్నం. గల్లీల బండ్లుంటయి గద, జెర తీపియ్యవా" అని అడిగాడు. సరేనన్నాను. స్టవ్ కట్టేసి గేటు దాకా వెళ్ళి, కట్టేశానో లేదోనని మళ్ళీ లోపలికి వచ్చి చూశాను. నా తత్వమే అంత. నన్ను అలా చూసి నవ్వే మనిషి ఇక ఎదురింట్లో లేదని అప్పుడు గుర్తొచ్చి, వంటగదిలోనే కూర్చుని ఏడ్చాను.

ఆమె నాకు చుట్టం కాదు. మావాళ్ళు గోదావరి వైపు నుంచి నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చారు. నేను ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పెరిగాను. పెళ్ళయ్యాక జిన్నారం దారిలో ఈ చిన్న కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం. ఈ ప్లాట్లన్నీ ఒకప్పుడు పెద్దమ్మ వాళ్ళ పొలమే. మొదట్లో నేను "మీరు" అంటూ మాట్లాడితే, "మీరు మీరు అంటవేంది, నేనేమన్న బ్యాంకు మేనేజర్నా?" అని కసిరింది. నాకు నోరు తిరగలేదు. చివరిదాకా మీరనే అన్నాను, చివరిదాకా కసురుతూనే ఉంది.

మా గల్లీ సంగతి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. బండి ఒకటి పట్టేంత సందు అది. ఒక పక్కన మూత లేని మురుగు మోరీ. మధ్యలో ఓ మలుపు, ఆ మలుపులోనే కరెంటు స్తంభం. చివర మా గేటు, ఎదురుగా పెద్దమ్మ గేటు, ఆ తర్వాత గోడ. బండి తిప్పుకునే చోటే లేదు. లోపలికి నేరుగా వచ్చినవాళ్ళు బయటికి రివర్సులో పోవాల్సిందే. పెద్దమ్మ మాత్రం తన ట్రాక్టరును, వెనక ట్రాలీతో సహా, రివర్సులోనే లోపలికి తెచ్చి ముఖం రోడ్డు వైపు పెట్టి నిలిపేది. "పొద్దుగాల లేవంగనే ఎనక్కి పోవుడు నాతోని గాదు" అనేది. భర్త పోయిన ఏడాది డ్రైవర్లు దొరక్క తానే నేర్చుకుందట. పొలం అమ్మేసినా ట్రాక్టరు అమ్మలేదు.

మా ఆయన కాజీపల్లిలో ఓ మందుల కంపెనీలో పనిచేస్తారు. కారు ఆయన సరదా. నేను పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును తొక్కుతుండే రకం. ఒక ఆదివారం పొద్దున పేపరు చదువుతూ చదువుతూ ఆయన కుర్చీలోంచి జారిపోయారు. ఫిట్సు. చేతులు కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ వస్తోంది. కారు గేటు ముందే ఉంది, తాళంచెవి మేకుకి వేలాడుతోంది, నడిపే మనిషి నేలమీద ఉన్నాడు. నా కేకలకి పెద్దమ్మ వచ్చింది. చూసింది. వెనక్కి వెళ్ళి ట్రాక్టరు స్టార్ట్ చేసింది. ట్రాలీలో పరుపు వేసి, ఆయన తల నా ఒళ్ళో పెట్టి, ప్రతి గుంతకీ నేను దేవుళ్ళందరినీ తలుచుకుంటూ ఉంటే, పటాన్‌చెరు ఆసుపత్రి దాకా తీసుకెళ్ళింది.

ప్రాణం నిలిచింది. కానీ డాక్టరు ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. మందుల మోతాదు కుదిరేదాకా ఫిట్సు మళ్ళీ వచ్చినా రావచ్చని కూడా అన్నారు. ఆ 'మళ్ళీ' నా నెత్తిమీద కూర్చుంది. ఆయన స్నానానికి వెళ్తే తలుపు గడియ వేసుకోవద్దనేదాన్ని. గిన్నె జారిన చప్పుడైనా పరిగెత్తేదాన్ని. పెద్దమ్మ ఒకరోజు మా గడపలో నిలబడి చెప్పింది: "బిడ్డా, కారు ఇంటి ముంగట పెట్టుకొని మనిషిని ట్రాలీల ఏస్కపోతమా? నేను రోజూ ఇంట్ల ఉంటనా? నువ్వు నేర్సుకో."

డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకున్నాను. ముందుకు నడపడం ఎలాగో వచ్చింది. రివర్సు దగ్గర మాత్రం బుర్ర పనిచెయ్యడం మానేసేది. వెనక్కి తిరిగి చూస్తే స్టీరింగ్ ఎటు తిప్పానో మర్చిపోతాను, స్టీరింగ్ చూస్తే వెనక ఏముందో మర్చిపోతాను. సంగారెడ్డిలో టెస్టు ట్రాక్ ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది, అంచుల వెంట ఇనుప గొట్టాలు నిలబెట్టి ఉంటాయి. ఒక కాల్లోంచి ముందుకు వెళ్ళి, అడ్డగీతలోంచి రివర్సులో తిరిగి రెండో కాల్లోకి రావాలి. గొట్టం తగలకూడదు. నేను మొదటి మలుపులోనే ఠంగుమనిపించాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కోప్పడను కూడా లేదు. "మళ్ళీ స్లాట్ బుక్ చేసుకోండమ్మా" అన్నారు. ఆ 'మళ్ళీ' కూడా వచ్చి మొదటి దాని పక్కనే కూర్చుంది.

బస్సు దిగి వచ్చేసరికి పెద్దమ్మ గేటు దగ్గరే ఉంది. నా మొహం చూసే కనిపెట్టింది. మర్నాడు సాయంత్రం, డ్రైవింగ్ స్కూల్ అబ్బాయితో కారు గల్లీ బయటికి తీయించుకుని, కాలనీ వెనక తనకు మిగిలిన కాస్త జాగాలోకి రమ్మంది. వెళ్ళి చూస్తే కందికట్టెలు వరసగా పాతి ఉన్నాయి. నేను ఫోన్‌లో చూపించిన ట్రాక్ బొమ్మ అచ్చంగా నేలమీద ఉంది. చీరమీద కొడుకు పాత నీలం చొక్కా తొడుక్కుని, కొంగు నడుముకి చుట్టుకుని, బుగ్గన వక్క పెట్టుకుని, సరిగ్గా కారు వెనకాల నిలబడింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"పెద్దమ్మా, మీరు పక్కకి రండి, తగులుతుంది!"

"నేను పక్కకుంటే నువ్వు బేఫికర్‌గ గుద్దుతవ్. ఎనక మనిషుందంటె జెర సూస్తవ్. రా... రా..."

గొడ్డును పిలిచినట్టు పిలుస్తుంది. నేను కదిలిస్తాను. "ఎడమకు పోవాలె, కుడికి తిప్పు, కుడికి!" అంటుంది. నేను కుడికి తిప్పుతాను. కందికట్టె పుటుక్కుమంటుంది. "గట్ల గాదే! కుడికంటున్న గద!" "కుడికే తిప్పాను పెద్దమ్మా!" మళ్ళీ పుటుక్కు. ఇలా కొన్ని సాయంత్రాలు గడిచాయి. కంపెనీల వైపు నుంచి గాలి తిరిగి ముక్కు మండే వాసన మొదలయ్యేదాకా ఆమె అరవడం, నేను విరగ్గొట్టడం. డ్రైవింగ్ స్కూల్లో చెప్పినది ఒకటి, పెద్దమ్మ చెప్పేది ఒకటి. భయంలో నాకు రెండూ కలగాపులగం అయిపోయాయి. నాకు బుర్ర లేదని ఆమె, అవును లేదని నేను, ఇద్దరం ఒప్పుకునే దాకా వచ్చాం.

చివరికి ఆమెకే ఓపిక పోయింది. "దిగు. నేను సూపెడత" అని డ్రైవరు సీట్లో కూర్చుంది. అంతకుముందు ఎన్నడూ కారు ముట్టుకోలేదట. ఎంతో ధీమాగా మెడ వెనక్కి తిప్పి, ఎడమకు పోవడానికి స్టీరింగ్ కుడికి తిప్పింది. కారు కుడికే వెళ్ళి ఒక వరస వరసంతా పడగొట్టింది. దిగి వచ్చి, పడిన కట్టెలనీ కారునీ మార్చి మార్చి చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని కారు వెనక ఖాళీ జాగా వంక చూసింది. అప్పుడు వెలిగింది ఆమెకి.

"ఓ... దీనికి ట్రాలీ లేదు గదనే!"

ట్రాక్టరుకు ట్రాలీ ఉంటే అంతా తిరకాసు. ట్రాలీ ఎడమకు పోవాలంటే ఇంజన్ను కుడికి తిప్పాలి. ఇన్నాళ్ళూ ఆమె నా వెనక లేని ట్రాలీని చూసుకుంటూ నాకు దారి చెప్పింది. నేను ఆ లేని ట్రాలీని తిప్పాలని తంటాలు పడ్డాను. ఆ రోజు ఆమె నేలమీద కూలబడి నవ్వింది. వక్క గొంతుకి అడ్డంపడి దగ్గుతూ నవ్వింది. ఆయనకి ఫిట్సు వచ్చిన తర్వాత నేను నోరారా నవ్వింది అప్పుడే.

ఆ తర్వాత ఎడమ, కుడి చెప్పడం మానేసింది. "ఇగ నాకెర్కలేని ముచ్చట నేను చెప్ప. నువ్వే సూస్కో. నేనుంట గంతే" అంది. ఉంది కూడా. రోజూ అదే నీలం చొక్కాతో అద్దంలో కనిపించేది. నా జబ్బేమిటంటే, భయం వేస్తే తొందరగా ముగించాలనిపిస్తుంది. మలుపు సగంలో ఉండగానే యాక్సిలేటర్ నొక్కేసేదాన్ని. అప్పుడు డిక్కీ మీద అరచేత్తో ఒక్కటి చరిచేది.

"ఆగు! ఎవలు తరుముతుండ్రు నిన్ను?"

ఆసుపత్రి తరుముతోంది, నురగ తరుముతోంది, లెర్నింగ్ లైసెన్సు గడువు తరుముతోంది. ఆమె వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "ఊపిరి తీస్కో. సూడు. అటెన్క కదులు" అనేది. అంతే. అంతకుమించి ఆమె నాకు డ్రైవింగేమీ నేర్పలేదు. కానీ ఆ మాట నాకు వంటింట్లో పనికొచ్చింది, ఆయన బాత్రూమ్‌లో ఆలస్యం చేసినప్పుడు పనికొచ్చింది.

రెండోసారి టెస్టుకి తానూ వస్తానంది. జరీ అంచు చీర కట్టుకుని, సంచి పట్టుకుని, పెళ్ళికి బయలుదేరినట్టు బయలుదేరింది. ట్రాక్ లోపలికి వేరేవాళ్ళని రానివ్వరు. నేను వరసలో నిలబడి చెమటలు కక్కుతుంటే ఆమె ఎటో వెళ్ళిపోయింది. నా వంతు వచ్చింది. ముందుకు వెళ్ళి, ఆపి, రివర్సు గేరు వేసి అద్దంలో చూశాను. ట్రాక్ చివర, ఇనుప జాలీ అవతల, జరీ చీర మీద నీలం చొక్కా తొడుక్కుని నిలబడి ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని తెచ్చుకుందన్నమాట. పిలవలేదు, చెయ్యి ఊపలేదు. మలుపు మధ్యలో నా కాలు యాక్సిలేటర్ మీదికి ఉరికింది. ఆపాను. ఊపిరి తీసుకున్నాను. చూశాను. కదిలాను. ఇన్‌స్పెక్టర్ తల ఊపేదాకా పాసయ్యానని నాకు తెలియలేదు.

లైసెన్సు వచ్చాక కూడా నేను బండి తీసినప్పుడల్లా, ఇంట్లో ఉంటే, ఆమె గల్లీలోకి వచ్చి వెనకాల నిలబడేది. వద్దన్నా వినేది కాదు. మా ఆయనకి మందులు కుదిరాయి. మళ్ళీ ఫిట్సు రాలేదు. ఆయన కోసం నేర్చుకున్న డ్రైవింగ్‌తో నేను ఆసుపత్రికి తీసుకెళ్ళింది పెద్దమ్మనే.

పోయిన వారం మధ్యాహ్నం గేటు కొట్టింది. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది, మొహం చెమటతో తడిసి ఉంది. కొడుకు జోగిపేటలో ఆఫీసులో ఉన్నాడు. ఆమెని వెనక సీట్లో పడుకోబెట్టి రివర్సు వేశాను. అద్దంలో ఎవరూ లేరు, ఉత్త గల్లీ. స్తంభం దగ్గర దడదడా లాగబోయాను. వెనక సీట్లోంచి, గాలి అందీ అందని గొంతుతో వినిపించింది. "ఆగు... ఎవలు తరుముతుండ్రు..." ఆ రోజు నిజంగానే తరుముతోంది. ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆగాను. చూశాను. మోరీలో పడకుండా, స్తంభానికి తగలకుండా బయటపడ్డాను. సమయానికే చేర్చానని డాక్టర్లు అన్నారు. కొన్నాళ్ళకి ఇంటికి పంపుతామని కూడా అన్నారు.

పంపారు. సాయంత్రం అంబులెన్సు గల్లీ మొదట్లో ఆగింది. అప్పటికే బైకులన్నీ తీయించి, నా కారు కూడా బయట పెట్టాను. డ్రైవరు దిగి మోరీని, మలుపును, స్తంభాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "గిండ్లకు బండి రాదు మేడమ్. ఇక్కడ్నే దించి మోసుకపోండ్రి" అన్నాడు. పెద్దమ్మ కొడుకు నా వైపు చూశాడు.

"వస్తుంది. ట్రాక్టరే ట్రాలీతో సహా వచ్చేది. రివర్సులో రండి, నేను వెనక ఉంటాను" అన్నాను.

వెలుతురు తగ్గుతోంది. నేను కట్టుకున్నది బూడిద రంగు చీర, అద్దంలో ఆనదు. పెద్దమ్మ గేటు లోపల దండెం మీద నీలం చొక్కా ఉంది. తీసి తొడుక్కున్నాను. చేతులు పొడుగైతే మడుచుకున్నాను. బండి వెనక నిలబడి రెండు చేతులూ ఎత్తాను. "రా... రా..." అన్నాను. లోపల ఆమె ఉంది. వెనక్కి అడుగులు వేస్తూ, మోరీని చూస్తూ, ఆమెని ఇంటికి పిలుచుకుంటున్నాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి పాపం డ్రైవరు కంగారుపడ్డాడు. ముగించేద్దామని ఒక్కసారిగా లాగబోయాడు. చక్రం మోరీ అంచుకి వచ్చేసింది. వెనక తలుపు మీద అరచేత్తో గట్టిగా చరిచాను.

"ఆగు! ఎవలు తరుముతుండ్రు నిన్ను?"

రెండు ఎర్ర లైట్లు వెలిగాయి. బండి ఆగింది. నేను ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ చేతులెత్తాను.